చక్కెర వ్యాధి గల చిన్నారికి పుట్టినరోజు కేకు

నవంబరు 14 మన దేశంలో బాలల దినోత్సవం. పండిత జవహర్‌లాల్ నెహ్రూ 1889లో ఆ తేదీన జన్మించినారు. రెండేళ్ల తరువాత, 1891లో, అదే తేదీన కెనడా దేశంలోని ఒక వ్యవసాయ కుటుంబంలో ఫ్రెడరిక్ బాంటింగ్ జన్మించినారు. ఇన్సులిన్‌ను కనుగొన్న వారిలో ముఖ్యులైన ఆయన జన్మదినాన్నే 1991 నుండి ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు. బాలల పండుగ, మధుమేహ దినం ఒకే రోజున రావడం యాదృచ్ఛికమే. అయినను ఆ రెండూ కలిసే చోట ఒక చిన్న ప్రశ్న నిలిచి ఉన్నది. చక్కెర వ్యాధి గల బిడ్డ పుట్టినరోజున కేకు చేయవచ్చునా? చేసినచో ఏ విధంగా చేయవలెను?

గృహవిజ్ఞాన విద్యార్థినుల ముందు ఈ ప్రశ్న ఉంచినప్పుడు సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. కేకు విషంతో సమానం, దాని పేరైనా ఎత్తరాదు అనేది మొదటిది. చక్కెర లేకుండా చేస్తే ఎంతైనా తినవచ్చును అనేది రెండవది. మొదటి సమాధానంలో భయం ఎక్కువ, రెండవ దానిలో ధైర్యం ఎక్కువ. రెండింటిలోనూ లెక్క లేదు. మా దృష్టిలో ఈ బిడ్డకు కావలసినది చక్కెర లేని కేకు కాదు, లెక్క తెలిసిన కేకు. ఒక ముక్కలో ఎన్ని గ్రాముల పిండిపదార్థాలు ఉన్నవో తల్లికి తెలిసి ఉండవలెను, ఆ ముక్కనే తక్కిన పిల్లలందరూ కూడా తినవలెను. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే. అయితే దాని వెనుక ఉన్న శాస్త్రం తెలియనిదే ఈ మాటను నమ్మమని ఎవరినీ అడగలేము.

వ్యాధి స్వరూపం

మనవారు దీనిని మధుమేహమనీ, చక్కెర వ్యాధి అనీ అంటారు. ఉర్దూలో జయాబీతస్ అంటారు. ఇళ్లలో మాత్రం అందరి నోట వినిపించేది 'షుగర్' అన్న మాటే. చరక సుశ్రుతుల గ్రంథాలలోనూ, ఇబ్న్ సీనా రచించిన 'అల్ ఖానూన్'లోనూ ఈ వ్యాధి ప్రస్తావన ఉన్నది. ఇది ఒకే వ్యాధి కాదని మొదట గ్రహించవలెను. మన పెద్దలలో తరచుగా కనిపించేది రెండవ రకం. అందులో శరీరంలో ఇన్సులిన్ ఉంటుంది కాని దాని పని సరిగా సాగదు. ఆహార నియమము, నడక, మాత్రలు దానికి చాలాకాలం సరిపోవచ్చును. పిల్లలలో ఎక్కువగా వచ్చేది మొదటి రకం. శరీరపు రక్షణ వ్యవస్థ పొరపడి, క్లోమగ్రంథిలోని బీటా కణాలను శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. ఇన్సులిన్‌ను తయారుచేసేవి ఆ కణాలే గనుక ఇక ఆ బిడ్డకు ఇన్సులిన్ బయటి నుండి ఇవ్వవలసినదే. మాత్రలతోగాని, పత్యంతోగాని, కాకరకాయ రసంతోగాని దానిని భర్తీ చేయడం సాధ్యం కాదు. ఇన్సులిన్ మానిపించి మూలికలు మింగించిన ఇళ్లలో కొద్ది రోజులకే రక్తంలో ఆమ్లాలు పెరిగి బిడ్డ ప్రాణాపాయ స్థితికి చేరే ప్రమాదం ఉన్నది. ఈ ఒక్క వాక్యం కొరకైనా ఈ వ్యాసం చదివినవారు దీనిని ఇంట్లో చదివి వినిపించవలెనని మా మనవి.

ఇంకొక మాట. చిన్నతనంలో మిఠాయిలు ఎక్కువ పెట్టినందువల్లనే బిడ్డకు ఈ జబ్బు వచ్చినదని తల్లిని నిందించే బంధువులు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. మొదటి రకం మధుమేహం మిఠాయిల వల్ల రాదు. తల్లి ఏమి పెట్టినది, ఏమి పెట్టలేదు అన్నదానితో ఆ బీటా కణాల నాశనానికి సంబంధం లేదు. పుట్టినరోజు నాడు అత్తగారో, ఖాలాజాన్‌ో కేకు పళ్లెం చూసి ఆ మాట ఎత్తినప్పుడు, ఆ తల్లి పక్షాన నిలిచి చెప్పగల విద్యార్థిని ఒకతె ఆ ఇంట్లో ఉండవలెను.

టోపీపెట్టె కేకు

ఇన్సులిన్ లేని కాలంలో ఈ పిల్లల గతి ఎట్లుండెనో తెలిస్తే కేకు ముక్క విలువ బోధపడుతుంది. ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశకంలో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు ఉపవాస చికిత్సను ప్రవేశపెట్టినాడు. ఆహారాన్ని, ముఖ్యంగా పిండిపదార్థాలను, కనీస స్థాయికి తగ్గించి, మూత్రంలో చక్కెర కనబడకుండా చూచేవారు. బిడ్డ ఎముకల గూడుగా మారేది, కాని కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో ఎక్కువగా బ్రతికేది. అది క్రూరత్వం కాదు. ఆనాటి వైద్యశాస్త్రం చేతిలో ఉన్న ఏకైక సాధనం అది. ఆ పత్యంలో ఉన్న ఒక బాలిక పుట్టినరోజుకు ఇంటివారు గుండ్రని టోపీపెట్టెకు గులాబీ, తెలుపు రంగుల కాగితాలు చుట్టి, దానిమీద క్రొవ్వొత్తులు నిలిపి, అదే కేకు అని ఆమె ముందు ఉంచేవారని ఇన్సులిన్ చరిత్రలో చదువుతాము. కాగితపు కేకు చుట్టూ నిలబడి ఆ తల్లిదండ్రులు ఏ ముఖంతో నవ్వినారో ఊహించడం కష్టం.

1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో మెక్లియాడ్ ప్రయోగశాలలో బాంటింగ్, ఛార్లెస్ బెస్ట్ కుక్కలపై ప్రయోగాలు జరిపినారు. వారు తీసిన రసాన్ని జేమ్స్ కోలిప్ శుద్ధి చేసినారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలునికి దానిని ఎక్కించినారు. మొదటి సూది అంతగా ఫలించలేదు. కోలిప్ శుద్ధి చేసిన మందుతో కొద్ది రోజులకు ఇచ్చినవి ఫలించినవి. ఆ ఏడాది ఆగస్టు నడుమ ఎలిజబెత్ హ్యూస్ అనే బాలిక టొరంటో చేరినది. ఆమె తండ్రి అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి. మూడేళ్ల ఉపవాస చికిత్స తరువాత ఆమె బరువు సుమారు 20 కిలోలు మాత్రమే. ఇన్సులిన్ మొదలైన వారంలోనే, ఆగస్టు 19న, ఆమెకు 15 ఏళ్లు నిండినవి. ఆ తరువాత ఆమె చదువుకొని, వివాహమాడి, బిడ్డలను కని, 1981 వరకు జీవించినది. బాంటింగ్, మెక్లియాడ్‌లకు 1923లో నోబెల్ బహుమతి లభించగా, బాంటింగ్ తన భాగాన్ని బెస్ట్‌తోను, మెక్లియాడ్ తన భాగాన్ని కోలిప్‌తోను పంచుకొన్నారు.

ఇన్సులిన్ వచ్చి నూరేళ్లు దాటినా మన ఇళ్లలో చాలాచోట్ల ఆ టోపీపెట్టె మనస్తత్వం తొలగలేదు. పిల్లలందరికీ కేకు పంచి, ఈ బిడ్డ చేతికి మాత్రం ఒక జామకాయ ముక్క ఇచ్చే అలవాటు అందులోనిదే.

చక్కెర ఎక్కడ దాగి ఉన్నది

రక్తంలోకి గ్లూకోజు చేరడానికి కేకులో చక్కెర మాత్రమే కారణమని అనుకోవడం పొరపాటు. మైదాలోని పిండి గ్లూకోజు అణువుల గొలుసు. నోటిలోని లాలాజలం మొదలుకొని చిన్నప్రేవుల వరకు ఆ గొలుసు తెగుతూ పోయి చివరకు గ్లూకోజుగానే రక్తంలో కలుస్తుంది. మనం ఉపయోగించే చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. అందువల్ల ఒక విచిత్రం జరుగుతుంది. 1981లో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు, మళ్లీ టొరంటోలోనే, ఏ ఆహారం రక్తంలో గ్లూకోజును ఎంతగా పెంచుతుందో కొలిచి గ్లైసీమిక్ సూచికను ప్రకటించినారు. గ్లూకోజును 100గా తీసుకొంటే తెల్ల రొట్టె 75 ప్రాంతంలోను, చక్కెర 65 ప్రాంతంలోను నిలుస్తాయి. తియ్యగా లేనందువల్ల రొట్టె నిర్దోషి అనుకొనేవారికి ఈ రెండు అంకెలు చాలు.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 1971లో డాక్టర్ సి. గోపాలన్ ప్రభృతులు కూర్చిన పుస్తకం మొదలుకొని 2017 నాటి ఆహార సంఘటన పట్టికల వరకు భారతీయ ఆహార పదార్థాల విలువలను ప్రకటించినారు. గృహవిజ్ఞాన విద్యార్థికి ఆ పట్టికలు నిఘంటువు వంటివి. వాటి ప్రకారం 100 గ్రాముల మైదాలో సుమారు 74 గ్రాములు, గోధుమపిండిలో సుమారు 64 గ్రాములు, బెల్లంలో సుమారు 85 గ్రాములు పిండిపదార్థాలు ఉన్నవి. చక్కెర దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. తేనెలో నూటికి సుమారు 80. పాలలో నూటికి 5 లోపు. గ్రుడ్డులో లేనంత తక్కువ. వెన్నలో లేదనే చెప్పవచ్చును. బాదం పప్పులో పీచు తీసివేయగా నూటికి 10 మించదు.

ఇప్పుడు బజారులోను, బంధువుల ఇళ్లలోను వినిపించే మాటలను ఈ అంకెల ప్రక్కన నిలబెట్టి చూడవలెను. "చక్కెర వేయలేదు, బెల్లంతో చేసినాము" అంటారు. బెల్లం రంగు మారిన చక్కెర, అంతకంటె ఎక్కువ కాదు. "తేనె ప్రకృతి సిద్ధం" అంటారు. నిజమే, గ్లూకోజు కూడా ప్రకృతి సిద్ధమే. "ఖర్జూరంతో చేసినాము, అది సున్నత్ ఆహారం" అని కొందరు ఆప్యాయంగా తెస్తారు. వారి ప్రేమను గౌరవించవలసినదే కాని, ఎండు ఖర్జూరంలో నూటికి 70 గ్రాముల వరకు పిండిపదార్థాలు ఉన్నవని బిడ్డ తల్లి మరువరాదు. అన్నింటికంటె మాయ చేసేది గ్రుడ్డు లేని కేకు. అందులో చక్కెర డబ్బా ముట్టకుండానే 400 గ్రాముల గట్టిపాల డబ్బా ఒకటి పోస్తారు. అందులో 220 గ్రాముల దాకా పిండిపదార్థాలు ఉంటాయి. చేసినవారు అబద్ధం చెప్పలేదు. వారు చక్కెర వేయలేదు, డబ్బా తయారు చేసినవారు వేసినారు.

అట్టపెట్టె మీద 'షుగర్ ఫ్రీ' అని ముద్రించిన బిస్కట్లకు, కేకులకు ఇదే న్యాయం. చక్కెర లేకపోవచ్చును, మైదా ఎక్కడికి పోతుంది?

తీపి మందుల సంగతి

అట్లయితే చక్కెర తీసివేసి కృత్రిమమైన తీపి మందు వేస్తే ఏమి? ఇక్కడ వంటశాస్త్రం అడ్డు వస్తుంది. కేకులో చక్కెర పని తీపి ఒక్కటే కాదు. వెన్నతో కలిపి గిలకొట్టినప్పుడు చక్కెర పలుకులు వెన్నలో గాలిబుడగలను నింపుతాయి. ఆ గాలే పొయ్యిలో వ్యాకోచించి కేకును పొంగిస్తుంది. చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, గ్రుడ్డులోని మాంసకృత్తులు త్వరగా గట్టిపడకుండా ఆపి, కేకు లేవడానికి వ్యవధినిస్తుంది, పైభాగానికి బంగారు రంగు తెస్తుంది. 200 గ్రాముల చక్కెర స్థానంలో చిటికెడు సాకరిన్ వేసినప్పుడు తీపి వస్తుంది, తక్కినవేవీ రావు. అందువల్లనే ఇటువంటి కేకులు అట్టముక్కల వలె ఉంటాయి. బిడ్డ ఒక ముక్క కొరికి ప్రక్కన పెడుతుంది. అతిథులు మర్యాదకు మింగుతారు.

సాకరిన్ 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కనుగొనబడినది. వేడికి చెడదు కాని నాలుకపై చేదు మిగులుస్తుంది. 1965లో కనుగొనబడిన ఆస్పర్టేమ్ ఎక్కువసేపు వేడి చేస్తే తీపిని కోల్పోతుంది గనుక కేకుకు పనికిరాదు. 1976లో వచ్చిన సుక్రలోజు వేడికి చాలవరకు నిలుస్తుంది, అయితే చెంచాలతో కొలిచి వాడే పొడులలో దానికి బరువు కొరకు మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది మరల పిండిపదార్థమే. చాకొలెట్లలో వాడే మాల్టిటాల్ కొంతవరకు రక్తంలో చేరుతుంది, ఎక్కువ తింటే పిల్లలకు కడుపు ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. బరువు తగ్గడానికి ఈ తీపి మందులపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది, అయితే ఆ సూచన ఇదివరకే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించినది కాదని కూడ అందులోనే పేర్కొన్నది. ఈ మందులు బిడ్డకు విషమని మేము అనము. కేకుకు మాత్రం వాటికంటె సగం చక్కెర మేలని మా అభిప్రాయం.

కేకు, దాని లెక్క

అందరికీ తెలిసిన పద్ధతిలో 200 గ్రాముల మైదా, అంతే వెన్న, అంతే చక్కెర, 4 గ్రుడ్లు కలిపి కేకు చేసినామనుకొందాం. మైదా వల్ల 148, చక్కెర వల్ల 200, గ్రుడ్ల వల్ల 2, మొత్తం 350 గ్రాముల పిండిపదార్థాలు. దానిపై వెన్నతో కలిపిన 250 గ్రాముల పొడి చక్కెర పూస్తే 600 గ్రాములు. 12 ముక్కలు చేస్తే ముక్కకు 50. ఒక చిన్న బిడ్డకు ఇది ఒక పూట భోజనమంత. ఇందులో సగానికి దగ్గర భాగం పైపూతదేనని గమనించవలెను. కేకును సరిదిద్దడం పైనుండి మొదలుపెట్టవలెనని దీనివల్ల తెలుస్తున్నది.

మేము సిఫారసు చేసే కేకులో 120 గ్రాముల మైదా, 80 గ్రాముల బాదం పొడి, 100 గ్రాముల చక్కెర, 120 గ్రాముల వెన్న, 4 గ్రుడ్లు, 60 మిల్లీలీటర్ల పాలు, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, నాలుగైదు ఏలకుల పొడి, ఒక కమలాపండు తొక్క తురుము ఉంటాయి. చక్కెర తగ్గినందువల్ల గాలి తగ్గుతుంది. ఆ లోటును గ్రుడ్డు తెల్లసొనతో పూడ్చవలెను. తెల్లసొనను వేరు చేసి, తడి, జిడ్డు లేని గిన్నెలో నురుగు నిలిచేవరకు గిలకొట్టి, మూడవ వంతు చక్కెర అందులోనే వేయవలెను. మిగిలిన చక్కెరను వెన్నతో తెల్లబడేవరకు గిలకొట్టి, పచ్చసొనలు, పాలు, జల్లించిన పొడులు చేర్చి, చివరకు తెల్లసొన నురుగును గరిటెతో మెల్లగా, క్రిందినుండి పైకి మడుస్తున్నట్లు కలపవలెను. ఇక్కడ తొందరపడితే అంతవరకు పట్టిన గాలి అంతా పోతుంది. బాదం పొడి తేమను నిలుపుతుంది, ఏలకి, కమలా తొక్క వాసనలు తీపి ఉన్నదానికంటె ఎక్కువగా తోచేటట్లు చేస్తాయి. 170 డిగ్రీల సెల్సియస్ వద్ద 35 నుండి 40 నిమిషాలు సరిపోతుంది. ఓవెన్ లేని ఇంట్లో మందపాటి కుక్కరు అడుగున ఇసుక పోసి, రబ్బరు వలయము, విజిలు తీసివేసి, సన్నని సెగమీద చేయవచ్చును. కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

ఇప్పుడు లెక్క. మైదా వల్ల 89, బాదం వల్ల 8, చక్కెర వల్ల 100, పాల వల్ల 3, గ్రుడ్ల వల్ల 2, బేకింగ్ పౌడరులోని పిండి వల్ల 2, మొత్తం 204 గ్రాములు. పైపూతకు పొడి చక్కెర బదులు 200 మిల్లీలీటర్ల మీగడను 20 గ్రాముల చక్కెరతో గిలకొట్టి పూస్తే మరి 26. వెరసి 230. 12 సమాన భాగాలు చేస్తే ముక్కకు 19 గ్రాములు. 30 గ్రాముల గోధుమపిండితో చేసిన ఒక పుల్కాలో ఉన్నది కూడ ఇంతే. రోజూ రెండు పుల్కాలు భయం లేకుండా పెట్టే తల్లి, సంవత్సరానికి ఒకమారు ఈ ముక్క పెట్టడానికి వణకవలసిన పని లేదు.

అయితే కత్తితో కంటిచూపున కోసిన ముక్కలు సమానంగా ఉండవు. పుట్టినరోజు బిడ్డకు పెద్ద ముక్క కోసే ఆచారం ఉండనే ఉన్నది. అందువల్ల పూత పూసిన కేకును మొత్తం తూచవలెను. ఈ కేకు సుమారు 840 గ్రాములు తూగుతుంది. బిడ్డ ముక్క 70 గ్రాములైతే 19, 105 గ్రాములైతే 29. గిన్నెలు, గ్లాసులు, 'కప్పు'లు ఈ పనికి చాలవు. మైదా కప్పులో వదులుగా పోసినప్పటికి, అదిమి నింపినప్పటికి ఎంతో తేడా వస్తుంది. గ్రాములు చూపే చిన్న తూకపు యంత్రం ఒకటి ఆ ఇంట్లో ఉప్పు డబ్బా వలె ఎప్పుడూ చేతికందేటట్లు ఉండవలెను. పుట్టినరోజు జరిపే ఆచారం లేని కుటుంబాలు మన పాఠకులలో ఉన్నవి. వారు ఈద్ నాటి షీర్ ఖుర్మాకు గాని, ఖుబానీ కా మీఠాకు గాని, సంక్రాంతి పాయసానికి గాని ఇదే లెక్కను వర్తింపజేసుకోవచ్చును. గిన్నె మొత్తంలో ఎంత, గిన్నె బరువెంత, కప్పులో పోసినది ఎంత, ఇంతే.

ఇన్సులిన్‌తో పొత్తు

ముక్కలో 19 గ్రాములు ఉన్నవని తెలిసిన తరువాత ఎంత ఇన్సులిన్ ఇవ్వవలెనో చెప్పవలసినది బిడ్డ వైద్యుడు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క నిష్పత్తి ఉంటుంది, అది ఉదయానికి ఒక విధంగా, సాయంకాలానికి ఒక విధంగా ఉండవచ్చును. ఉదాహరణకు 20 గ్రాములకు 1 యూనిట్ అని వైద్యుడు నిర్ణయించిన బిడ్డకు మన ముక్కకు సుమారు 1 యూనిట్, పాత పద్ధతి ముక్కకు రెండున్నర. రెండు పూటలా నిర్ణీతమైన మిశ్రమ ఇన్సులిన్ తీసుకొనే బిడ్డకు ఈ సౌలభ్యం లేదు. అటువంటి బిడ్డకు ఆ పూట భోజనంలో ఒక పుల్కా తగ్గించి, దాని స్థానంలో ముక్కను పెట్టవలసి ఉంటుంది.

పుట్టినరోజు సాయంకాలం అసలు ప్రమాదం కేకులో కాక గడియారంలో ఉంటుందని మేము గట్టిగా చెప్పదలచినాము. ఆరు గంటలకు కేకు కోస్తామని ముందే ఇన్సులిన్ ఇచ్చి కూర్చుంటారు. మేనమామ ఇంకా రాలేదు, ఫోటోలు తీసేవాడు దారిలో ఉన్నాడు, ఏడయినా కేకు కోయరు. ఈలోపల పిల్లలు పరుగులు తీస్తుంటారు. ఆట కూడ గ్లూకోజును తగ్గిస్తుంది. బిడ్డకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, అకారణంగా కోపం వస్తుంది లేదా మత్తుగా ఒరుగుతుంది. అలసిపోయినాడులే అని పెద్దలు అనుకొంటారు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గడమే దీనికి కారణం. కనుక కేకు బల్లమీదికి వచ్చి, క్రొవ్వొత్తులు సిద్ధమైన తరువాతనే సూది తీయవలెను. మేనమామ ముక్కను మేనమామకు దాచి ఉంచవచ్చును.

గ్లూకోజు పడిపోయిన ఆ క్షణంలో చక్కెరే మందు. శరీరపు బరువులో కిలోకు 0.3 గ్రాము చొప్పున, 30 కిలోల బిడ్డకు 9 గ్రాముల గ్లూకోజు పొడి లేదా చక్కెర నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మరల పరీక్షించవలెను. అప్పుడు కేకు పెట్టరాదు. అందులోని వెన్న జీర్ణక్రియను మందగింపజేయడం వల్ల గ్లూకోజు రక్తంలో ఆలస్యంగా చేరుతుంది. బిడ్డ స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయకుండా, వైద్యుడు ముందుగా ఇచ్చి ఉంటే గ్లూకగాన్ సూది వేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. చక్కెర జబ్బు గల బిడ్డ జేబులో చక్కెర ఉండవలెననే మాట మన సమాజంలో ఎంతమందికి తెలుసు? ఆ పొట్లం చూసి "నీకు ఇది కూడదు కదా" అని లాగికొనే ఉపాధ్యాయులు, ఇరుగుపొరుగువారు ఎందరో ఉన్నారు.

కళాశాల కమిటీ వారికి

మా కమిటీ పెద్దల దృష్టికి ఇక్కడ ఒక విషయం తేదలచినాము. ఈ వ్యాధి గల పిల్లలు పెరిగి మన తరగతులకే వస్తారు. కొందరు ఇప్పటికే వచ్చి ఉండి, చెప్పుకోక దాచి ఉండవచ్చును. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, రేపు సంబంధాలు చూచేటప్పుడు అడ్డు వస్తుందని కుటుంబాలే దాచమంటాయి. దాచిన బిడ్డ స్నానపు గదిలో నిలబడి సూది వేసుకొంటుంది, లేదా వేసుకోవడమే మానుతుంది. మొదటి రకం మధుమేహం గల విద్యార్థులు పరీక్షా మందిరంలోకి తినుబండారాలు తీసుకొనిపోవచ్చునని కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 2017లో అనుమతించినది. మన కళాశాల అంతర్గత పరీక్షలలో కూడ ఆ వెసులుబాటు వ్రాతపూర్వకంగా ఉండవలెనని కోరుతున్నాము. వసతిగృహపు వంటశాలకు ఒక తూకపు యంత్రం, ఇన్సులిన్ ఉంచడానికి శీతల యంత్రంలో గడ్డకట్టని ఒక అర, కార్యాలయంలో ఒక గ్లూకోజు డబ్బా, గ్లూకోజు పడిపోయిన లక్షణాలు తెలిసిన ఒక వార్డెను. వీటిలో ఏదియు కళాశాల వార్షికోత్సవపు షామియానా కంటె ఖరీదైనది కాదు.

విద్యార్థులకు చెప్పవలసినది వేరు. స్నేహితుని పుట్టినరోజుకు వెళ్లినప్పుడు అతని పళ్లెంలోకి తొంగిచూడవద్దు. "నువ్వు తినవచ్చునా?" అని పదిమందిలో అడగవద్దు. అతడు ఆ ముక్కను తూచుకొని, లెక్క కట్టుకొని, సూది వేసుకొని వచ్చి కూర్చున్నాడు. మనలో ఎవరమూ అంత ఆలోచించి ఒక ముద్ద నోట పెట్టము. అతని కొరకు వేరే కేకు చేయించడం కూడ మేము మెచ్చము. 'ఇది నీది, అది మాది' అన్న తరువాత అందులో బాదం ఎంత వేసినా రుచి ఉండదు. సగం చక్కెర కేకు తిన్నందువల్ల తక్కినవారికి కలిగే నష్టమేమీ లేదు, మన నగరాలలో రెండవ రకం మధుమేహం వ్యాపిస్తున్న తీరు చూస్తే కొంత లాభమే.

అతిథులు వెళ్లిన తరువాత ఇంకొక పని మిగిలి ఉంటుంది. వెన్న, మీగడల వల్ల కేకులోని గ్లూకోజు రెండు మూడు గంటల తరువాత కూడ పైకి రావచ్చును. సాయంకాలమంతా ఆడిన ఆటల వల్ల తెల్లవారుజామున పడిపోవచ్చును. ఆ రాత్రి పడుకొనే ముందు ఒకమారు, రెండు మూడు గంటల వేళ ఒకమారు బిడ్డ వేలి రక్తం పరీక్షించవలెను. మిగిలిన కేకును అప్పుడే ముక్కలు చేసి, ఒక్కొక్కదానిని తూచి, కాగితంలో చుట్టి, పైన గ్రాముల లెక్క వ్రాసి శీతల యంత్రంలో ఉంచితే, తరువాతి వారం పాఠశాల డబ్బాలో ఒక ముక్క సిద్ధంగా ఉంటుంది.